కారణం అనే గడి

అల్లూరు దాటి ఇసకపల్లి ఉప్పు కొఠార్లకు పోయే దారిలో
స్కూటీ డిక్కీలో మూడు డబ్బీలు దొర్లుతున్నాయి.
మూడింటికీ పేరు లేదు.
మూతల మీద స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు.

పేరు నా దగ్గరుంది: "మడమ."
ట్రంకు రోడ్డు మందుల షాపులో పదకొండేళ్ళు నిలబడి
ఉప్పు మడుల ఆడవాళ్ళ కాలి పగుళ్ళకి
ఎవరెవరివో ట్యూబులు అమ్మినదాన్ని.
ఒక వేసవిలో మా గ్యాస్ పొయ్యి మీద
నువ్వులనూనె, తేనెమైనం, కాస్త వట్టివేరు
కాచి వడకట్టి చెంచమ్మకిచ్చాను.
పదిరోజులకి వచ్చి ఖాళీ డబ్బీ గల్లాపెట్టె మీద పెట్టి
"నిండా పొయ్యి" అంది.
నా వ్యాపారానికి పురుడు పోసింది ఆ మాటే.

కానీ గ్యాస్ పొయ్యికి లైసెన్సు ఇవ్వరు.
నలభై డబ్బీలు దాటితే నా చెయ్యి ఒకేలా తిరగదు.
వండేవాళ్ళు కావాలి.

ఒకటో నంబరు జీడిమెట్ల వాళ్ళది.
అద్దాల గది, ఏసీ, పిస్తా బిస్కెట్లు.
"బేస్ మా దగ్గర రెడీ మేడమ్, మీది లేబుల్ ఒక్కటే."
ఆ ఒక్క డ్రమ్ములోంచే
ఆరు ఊళ్ళ అమ్మమ్మల చిట్కాలు బయటికి పోతున్నాయట.
గర్వంగానే చెప్పాడు.
కనీసం ఐదువేల పీసులు.
ఐదువేల జతల కాళ్ళని ఊహించుకోబోయి, చేతగాక,
ఒక బిస్కెట్ పర్సులో వేసుకుని వచ్చేశాను.

రెండోది నాయుడుపేట.
ధర నిజంగా తక్కువ. మనిషి నిజంగా మంచివాడు.
"మైనం ఎందుకమ్మా, పారాఫిన్ పోద్దాం,
చూసేవాళ్ళకి తేడా తెలవదు."
చూసేవాళ్ళకి సరే.
రాసుకునేవాళ్ళ సంగతి
ఆయన కాలిక్యులేటర్లో ఏ మీటకీ అందలేదు.

మూడోది గుండ్లాపల్లి.
చుట్టూ గ్రానైటు కోసే మిషన్ల రొద,
మధ్యలో రెండు తలుపులు దాటితే గానీ
గాలిని కూడా రానివ్వని రేకుల షెడ్డు.
జిలానీ గారు చెప్పులు విప్పించారు,
చేతులు కడిగించారు, ఉంగరం తీయించారు,
టీ మాత్రం ఇవ్వలేదు.
"వారంలో పగుళ్ళు మాయం అని అచ్చు వేయిస్తే
నా షెడ్డులోంచి డబ్బీ కదలదు" అని ముందే చెప్పారు.
డబ్బీకి పదకొండు రూపాయలు ఎక్కువ.
నేను లేవబోతుంటే
అట్ట చిరిగిన రిజిస్టరు ఒకటి నా వైపు తోశారు.
చెడిపోయిన వంటలన్నీ ఎర్ర సిరాతో.
తేదీ. ఎన్ని కిలోలు. ఏమైంది. కారణం.

కరెంటు పోయింది.
మైనంలో చెత్త, సరుకు వెనక్కి.
వేడి ఎక్కువ.
మళ్ళీ కరెంటు.
ఆ కింద, ముప్పైరెండు కిలోల ఎదురుగా, కారణం గడిలో
ఒకే ఒక్క మాట:
"నేను."

చెంచమ్మకిచ్చిన రెండో డబ్బీ మాడు వాసన వచ్చింది.
ఈసారి నూనె మంచిది దొరకలేదని చెప్పాను.
నూనె మంచిదే.

ఇప్పుడు కొఠారు గట్టు మీద చెంచమ్మ
మూడు మూతలూ తీసి వాసన చూసింది.
కుడి మడమకి ఒకటి, ఎడమ మడమకి ఒకటి,
మూడోదానికి పక్కనున్న ఆదెమ్మ కాలు లాగింది.
ఏది ఎవరిదో నేను చెప్పలేదు.
మొహంలో తెలిసిపోతుందేమోనని
సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.
"పూసుకోని ఇంట్లో కూకుంటే అన్నీ మంచియ్యేమే,
దిగితే గదా తెలిసేది" అంటూ
ఉప్పు లాగే కట్టె భుజానేసుకుని మడిలోకి దిగింది.

పదిన్నర. నీళ్ళ మీద ఎండ నిలవనివ్వడం లేదు.
సంచిలో మూడు ఒప్పంద కాగితాలు,
మూడింట్లోనూ నా సంతకం చోటు తెల్లగా.
ఉండబట్టలేక అరిచాను, "ఎట్టుంది?"

"ఉండుమే," అంది నడుం ఎత్తకుండానే,
"ఇంకా ఉప్పు కాటు పడలా."